11 లక్షలకు 2012 జర్మన్ ఎస్‌యూవీ: అనంతపురంలో పెట్టుకొని సాకగలమా?

పెన్నేటి గాలి, అనంతపురం
అందరికీ నమస్తే. బెంగళూరులో ఒక బండి చూసినా. 2012 మోడల్, వీ6 డీజిల్, ఏడు సీట్లు, ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు బ్యాగులు), సన్‌రూఫ్, రెండో ఓనరు. మీటరు మీద లక్షా పదివేలు. కొత్తగా ఉన్నప్పుడు అరవై లక్షల పైమాట. ఇప్పుడు 11 అంటాండాడు, కూర్చొని మాట్లాడితే ఇంకా దిగేటట్టే ఉన్నాడు. మోడల్ పేరు రాయను, అమ్మే ఆయన కూడా ఈ గ్రూపులో ఉండొచ్చు.

ఇంట్లో ఆరుగురం. నాయనకు మోకాళ్ళ నొప్పులు, ఆస్పత్రికి తరచూ బెంగళూరు పోవాల. ఆ డబ్బుకు కొత్త చిన్న ఎస్‌యూవీ వస్తుంది. పెనుకొండ పక్కనే కియా ఫ్యాక్టరీ పెట్టుకొని పాత బండి ఏందిరా అని ఇంట్లో ఒకటే గొడవ. కానీ దాంట్లో కూర్చొని లేచినాక మనసు వేరేదాని మీదికి పోవడంల్యా. సీమలో ఉండి ఇట్లాంటి బండ్లు నడిపేవాళ్ళు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండప్పా.

ఉగ్గాని బజ్జి, కర్నూలు
కొనన్నా. పెండ్లి ముందర ఆ బండి దిగితే లెవెలే వేరు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఎవరన్నా అంటే అననీ.

బురుజు సందు, కర్నూలు
బజ్జి మాట వినొద్దు. వానికి బండి ల్యా, బాధా ల్యా.

నాదీ ఎయిర్ సస్పెన్షన్ బండే. కంపెనీ పేరు ఎందుకులే. కొనేటప్పుడు పాత రేటు, రిపేరుకు పోతే కొత్త రేటు, కథంతా ఇంతే. బండి విలువ పది లక్షలకు పడిపోయింది గానీ దాని కంప్రెసరు, గేరుబాక్సు, హెడ్‌లైటు మాత్రం ఇప్పటికీ అరవై లక్షల బండి సామాన్లే. వాటికి వయసుతో రేటు తగ్గదు.

ఒకరోజు పొద్దున లేచి చూస్తే వెనక ఎడమపక్క మోకాలేసిన ఎద్దు మాదిరి కూలబడింది. సస్పెన్షన్ ఎయిర్ బ్యాగు రబ్బరు మడత దగ్గర పగిలింది. అది సన్నగా ఎన్నాళ్ళ నుంచి కారుతుందో ఎవరికి తెలుసు. గాలి పోతున్నకొద్దీ నింపాలని కంప్రెసరు తిరిగి తిరిగి అదీ కాలిపోయింది. చక్రానికీ పైన ఆర్చికీ మధ్య వేలు పట్టదు, ఇంక తాడు కట్టి లాగేదెట్ల? బండిని పైకెక్కించుకొని మోసే ఫ్లాట్‌బెడ్ లారీనే గతి. కర్నూలు నుంచి హైదరాబాదు 210 కిలోమీటర్లు. పోయేటప్పుడు టోలు డబ్బులూ నా దగ్గరే, తిరిగి ఖాళీగా వచ్చేటప్పటి టోలూ నా దగ్గరే.

పదమూడో నంబరు స్పానర్, గుత్తి
నేను బెంగళూరులో అన్ని కంపెనీల బండ్లు చేసే గ్యారేజీలో చాలా ఏండ్లు పనిచేసి ఇప్పుడు ఊర్లో షెడ్డు పెట్టుకున్నా. బురుజన్న చెప్పింది నిజం. కాకపోతే అది రాత్రికి రాత్రి వచ్చే జబ్బు కాదు, ముందుగానే కనిపిస్తుంది.

గాలీ, నువ్వు బండి చూడబోయే ముందురోజు అమ్మే ఆయనకు ఫోన్ చేసి ఒక్కటే అడుగు: రాత్రి పెట్టిన బండిని పొద్దున నేను వచ్చేదాకా కదిలించొద్దు అని. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే ఆయన ముందే స్టార్ట్ చేసినాడని అర్థం, ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చెయ్. చల్లగా ఉంటే టేపు తీసి నాలుగు చక్రాల నడిమధ్య నుంచి పైన ఆర్చి దాకా కొలువు. ఎడమ కుడి మధ్య వేలెడు తేడా ఉందంటే ఆ మూల కారుతున్నట్టే. తర్వాత స్టార్ట్ చేసి బండిని పూర్తిగా పైకెత్తి, సబ్బునీళ్ళు స్ప్రే బాటిల్‌లో పోసుకొని రబ్బరు మడతల మీదా, పైపు జాయింట్ల మీదా కొట్టు. బుడగలు వస్తే దొంగ దొరికినట్టే.

రెండోది టైమింగ్ చైను శబ్దం, అంటే ఇంజన్ వాల్వులను టైముకు తెరిపించి మూయించే గొలుసు. చాలా జర్మన్ డీజిల్ ఇంజన్లలో టైమింగ్ చైను ముందరపక్క ఉండదు, గేరుబాక్సు పక్క ఉంటుంది. ఆడీ వీ6 టీడీఐ అట్లే, బీఎండబ్ల్యూ ఎన్47 నాలుగు సిలిండర్ల ఇంజన్ కూడా అట్లే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో వెనకపక్క నుంచి గలగలమని గొలుసు ఆడినట్టు వినిపిస్తే జాగ్రత్త. గొలుసు, టెన్షనర్ రేటు పెద్ద లెక్క కాదు. దాని దగ్గరికి చెయ్యి పోవాలంటే ఇంజనో గేరుబాక్సో దించాల, లేబరు అక్కడ పడుతుంది.

మూడోది నూనె. మెర్సిడెస్ ఓఎం642 అనే వీ6 డీజిల్ ఉంది, ఎంఎల్‌లో, జీఎల్‌లో వచ్చేది. మంచి ఇంజన్. కానీ దాని ఆయిల్ కూలరు రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో కూర్చొని ఉంటుంది. ఏండ్ల తరబడి వేడికి కింద సీళ్ళు బిగుసుకుపోయి కారతాయి. సీళ్ళు చవకే. వాటిని మార్చాలంటే టర్బో తియ్యాల, ఇన్‌టేక్ మానిఫోల్డ్ తియ్యాల. ఇంకా చిక్కేమంటే, కారిన నూనె లోయలో నిండి వెనక్కి పారి ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోట చుక్కలు చుక్కలుగా పడుతుంది. కింద నుంచి చూసినోడు క్రాంక్ వెనక సీలు పోయిందని గేరుబాక్సు దించేస్తాడు. కొత్త సీలు వేసి బిల్లు ఇస్తాడు, మళ్ళీ కారుతుంది. అట్లా రెండుసార్లు గేరుబాక్సు దించినాక నా దగ్గరికి వచ్చిన బండ్లు ఉన్నాయి.

గేరుబాక్సు నూనె గురించి రాత్రికి రాస్తా, షెడ్డులో పని ఉంది.

గువ్వలచెరువు పాలకోవా, కడప
ఇంత పరీక్ష పెట్టి కొనాల్సిన బండి ఎందుకు మామా? పాత పజేరో తీసుకో, లేదంటే ప్రాడో. ఛాసిస్ మీద కట్టిన బండ్లు, గాలి బ్యాగులు లేవు, ఏ ఊరి మెకానిక్ అయినా చెయ్యి పెడతాడు. నేను పజేరో ఎన్నేండ్లుగానో నడుపుతాండా, మడకతో సమానంగా వాడినా. మా ఘాట్ రోడ్డు పైన పాలకోవా అంగళ్ళ దగ్గర ఎండాకాలం ఒకసారి నిలబడి చూడు. బానెట్లు ఎత్తుకొని, నీళ్ళ సీసాలు పట్టుకొని ఉండేవన్నీ ఖరీదైన బండ్లే. నా బండి వాటి పక్కనుంచే ఎక్కుతుంది.

కేబుల్ ఉన్నోడు, నంద్యాల
పాలకోవా అన్నా, పజేరో మీద గౌరవం ఉంది గానీ మిత్సుబిషి ఇప్పుడు మన దేశంలో కార్లే అమ్మడంల్యా. నీకు సామాన్లు యాడ దొరుకుతాయి?

గువ్వలచెరువు పాలకోవా, కడప
మద్రాసు పుదుపేట. పొద్దున బయల్దేరితే రాత్రికి సామాను చేతిలో ఉంటుంది.

కేబుల్ ఉన్నోడు, నంద్యాల
అదే చెప్తాండా. నువ్వు పుదుపేట పోతావు, నేను బెంగళూరు జేసీ రోడ్డుకు పోతా, లేకుంటే ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి పార్సిల్ తెప్పించుకుంటా. తేడా ఏముంది?

నేను పాత జర్మన్ ఎస్‌యూవీ పెట్టుకొని సంతోషంగానే ఉన్నా. ఎందుకో చెప్తా, ఒప్పుకోకపోతే తిట్టండి. ఈ బండ్లకు సొంత స్కానర్ ఉండాల, అంటే బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే కేబుల్, సాఫ్ట్‌వేర్. రోడ్డు పక్కన అమ్మే చిన్న ఓబీడీ పీస్ కాదు, కంపెనీకి తగ్గది. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ బండ్లకు వీసీడీఎస్, బీఎండబ్ల్యూకు ఇస్టా, మెర్సిడెస్‌కు జెంట్రీ. లైటు వెలిగిందని గ్యారేజీకి పోతే వాళ్ళు సెన్సారు మార్చి చూద్దాం, మాడ్యూలు మార్చి చూద్దాం అంటారు. ఆ చూసేదంతా మన డబ్బుతోనే. ముందే కోడ్ చదివి, ఇంటర్నెట్‌లో వెతికి, ఇదిగో ఈ గ్లోప్లగ్ (చల్లటి డీజిల్ ఇంజన్‌ను స్టార్టింగ్‌కు వేడిచేసేది) రిలే మార్చు అని చెప్పి పోతే బిల్లు సగం కూడా రాదు.

ఇంకొకటి. సామాను షోరూములో కొనకూడదు, ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు తీసుకొని అసలు తయారుచేసేవాళ్ళ డబ్బాలో కొనాల. గేరుబాక్సు ఫిల్టరు జెడ్‌ఎఫ్‌ది, సస్పెన్షన్ ఆర్ములు లెమ్‌ఫోర్డర్‌వి, సెన్సార్లు బాష్‌వి, హీటు సామాన్లు మాలే, బేర్ వాళ్ళవి. కార్ల కంపెనీలు వీళ్ళ దగ్గరే చేయించుకొని పైన తమ గుర్తు వేసి అమ్ముతాయి. కొన్నిటి మీదయితే ఆ గుర్తును రాయితో అరగదీసిన మచ్చ కూడా కనిపిస్తుంది. సామాను అదే, డబ్బా వేరు, రేటు వేరు.

బురుజు సందు, కర్నూలు
తమ్ముడూ నీకు ఓపిక ఉంది, కేబుల్ ఉంది, ఇంగ్లీషు ఫోరాలు చదివే టైముంది. నాకు ఎరువుల అంగడి ఉంది. జూన్‌లో అంగడి ముందర రైతులు నిలబడి ఉంటే నేను ల్యాప్‌టాప్ పట్టుకొని బండి కింద దూరేదా?

కేబుల్ ఉన్నోడు, నంద్యాల
దూరలేనోళ్ళు కొనొద్దనే నేనూ చెప్తాండేది. మన ఊర్లలో ఈ బండి కొన్నోడు సగం మెకానిక్ కావాల్సిందే. బెంగళూరులో ఉన్నోడికి ఆ అవసరం లేదు, నాలుగు వీధులకొక గ్యారేజీ ఉంది.

వేపచెట్టు కింద, కడప
మగవాళ్ళంతా గేరుబాక్సు దగ్గరే ఆగిపోయారు. సన్‌రూఫ్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మాకు ఇద్దరికీ క్లినిక్కులు, ఆ బండి నడిపేది ఎక్కువగా నేనే.

ఇంటి ముందు వేపచెట్టు. ఉగాది రోజుల్లో పూత మొత్తం బండి మీదే రాలుతుంది. సన్‌రూఫ్ చుట్టూ ఒక కాలువ ఉంటుంది, దాని నాలుగు మూలల నుంచి సన్నటి పైపులు స్తంభాల లోపలగా కిందికి దిగుతాయి. వేపపూత, దుమ్ము కలిసి ఆ రంధ్రాలు మూసుకుపోయాయి. అక్టోబరు వానలకు నీళ్ళు కిందికి పోయే దారి లేక రూఫ్ లైనింగ్ లోపలగా దిగి కార్పెట్ కిందకు చేరాయి. పైన ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. కింద మందపాటి స్పాంజి ఉంటుంది, అది నీళ్ళు పీల్చుకొని కూర్చుంది. చాలా యూరప్ బండ్లలో కంట్రోల్ మాడ్యూళ్ళు, వైర్ల జాయింట్లు సరిగ్గా అక్కడే, కాళ్ళ కింద, సీట్ల కింద పెడతారు.

ఆ తర్వాత మొదలైంది దయ్యాల కథ. అర్ధరాత్రి కిటికీ అద్దాలు వాటంతటవే దిగేవి. హారన్ ఒకసారి మోగి ఆగేది. పక్కింటి పెద్దావిడ నిమ్మకాయలు కట్టమంది, కట్టాము కూడా. బ్యాటరీ మార్చారు, తాళం చెవి మార్చారు, అలారం మార్చారు. ఆఖరికి ఒక కుర్రవాడు సీట్లు విప్పి కార్పెట్ ఎత్తితే స్పాంజి నుంచి నీళ్ళు పిండితే బకెట్‌లో పడ్డాయి. మాడ్యూలు పిన్నులన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి.

గాలి గారూ, చూడ్డానికి వెళ్ళినప్పుడు కార్పెట్ పైన తడమడం కాదు, డ్రైవరు పక్క అంచు పైకి లాగి కింద స్పాంజిని వేళ్ళతో నొక్కండి.

ఉగ్గాని బజ్జి, కర్నూలు
మేడమ్, నిమ్మకాయలు తీసేసినారా ఇంకా ఉండాయా?

వేపచెట్టు కింద, కడప
ఉన్నాయి. బండి అప్పటి నుంచి బాగానే ఉంది, ఎందుకు తీయాలి?

పదమూడో నంబరు స్పానర్, గుత్తి
మేడమ్ చెప్పిన మాట నూటికి నూరు పాళ్ళు. దానికి తోడు బెంగళూరు బండి కదా, వరద సంగతి కూడా చూడాల. 2022 సెప్టెంబరులో బెల్లందూరు పక్క విల్లాల్లో ఖరీదైన కార్లు పైకప్పు దాకా మునిగినయి, టీవీల్లో అందరూ చూసిందే. సీటు బెల్టును చివరిదాకా పూర్తిగా బయటికి లాగు. ఎంత కడిగినా లోపల చుట్టుకొని ఉండే భాగంలో బురద గీత పోదు. స్టెప్నీ గుంతలో మూలలకు ఇసక చూడు.

గేరుబాక్సు సంగతి. కంపెనీ బుక్కులో "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చనక్కర్లేదు" అని ఉంటుంది. ఎవరి లైఫో రాయరు. గేరుబాక్సు తయారుచేసే జెడ్‌ఎఫ్ వాళ్ళే తమ ఆరు గేర్ల బాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేండ్లకు నూనె మార్చమంటారు. ఆ 6హెచ్‌పీ బాక్సులో ఫిల్టరు విడిగా రాదు, కింద ప్లాస్టిక్ చట్టిలోనే కలిపి ఉంటుంది, చట్టి మొత్తం మార్చాల. నూనె డబ్బా మీద నంబరు చూసి పొయ్యాల. మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె) పోసి "అన్నీ ఎర్రగానే ఉంటాయి కదన్నా" అనేవాళ్ళు మన హైవే మీద దండిగా ఉన్నారు.

నీళ్ళ సంగతి మరీ ముఖ్యం. పాలకోవా అన్న చెప్పిన బానెట్లు ఎత్తిన బండ్లకు ఇంజన్లో లోపం ఉండదు చాలావరకు. కూలంట్ ట్యాంకు ప్లాస్టిక్, థర్మోస్టాట్ హౌసింగ్ ప్లాస్టిక్, పైపుల చివర్లు ప్లాస్టిక్. పదేండ్లు వేడికి కాగి కాగి ఆ ప్లాస్టిక్ బిస్కెట్ అయిపోతుంది. మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీలు, దాని మీద ఘాట్, ఫుల్ ఏసీ. పగిలినాక మనవాళ్ళు చేసేదేంది? పక్క తోటలో బోరు నీళ్ళు పోస్తారు. అనంతపురం బోరు నీళ్ళు బిందెకే తెల్లగా పేరుకుంటాయి, రేడియేటరు సన్న గొట్టాల్లో పేరుకోవా? ఆపదకు పోసినా సరే, ఇల్లు చేరినాక మొత్తం దించి డిస్టిల్డ్ వాటరుతో కూలంట్ కలిపి నింపాల. ఎర్రదీ నీలందీ కలపొద్దు.

ఎన్‌ఓసీ మామ, ఆదోని
బండి బాగుందో లేదో మీరు చూడండి, కాగితాలు నేను చెప్తా. కర్ణాటక బండి మన రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడ రిజిస్టర్ చేయించాల్సిందే. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాల. లోను ఉండి ఉంటే ఫారం 35తో ఆ ఎంట్రీ తీయించాల. ఇక్కడ బండి వయసు చూసి లైఫ్ ట్యాక్స్ కట్టించుకుంటారు. అక్కడ మిగిలిన కాలానికి ట్యాక్స్ వాపసు అడగొచ్చు. నంబరు మీద ఆశ పెట్టుకోవద్దు. మన ఏపీ 02, కర్నూలోళ్ళ 21, కడపోళ్ళ 04 అన్నీ పోయినాయి, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అని మొదలుపెట్టినారు.

అసలు విషయం ఇది: 2012 బండికి 2027లో పదిహేనేండ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ రెన్యువల్ చేయించాల, అదీ ఐదేండ్లకే. 2022 ఏప్రిల్‌లో ఈ ఫీజు కార్లకు 600 నుంచి 5,000 చేసినారు, దిగుమతి కార్లకు 40,000. కాబట్టి ఆ బండి ఇక్కడ బిగించిందా, పూర్తిగా బయట నుంచి వచ్చిందా ఆర్‌సీలో చూసుకో.

ఢిల్లీ బండ్లు ఇంకా చవకగా వస్తాయని ఎవడన్నా చెప్తే ఆగి ఆలోచించండి. అక్కడ పదేండ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్), 2018లో సుప్రీంకోర్టు నిషేధం చెప్పినాక దేశం మీదికి తోలినారు. మీటరు వెనక్కి తిప్పిన బండ్లు వాటిలో ఎన్నో.

బురుజు సందు, కర్నూలు
ఇన్సూరెన్సు కూడా చెప్పు మామా. ఇంత పాత బండికి జీరో డెప్ (సామాన్ల అరుగుదల కోయకుండా ఇచ్చే ఇన్సూరెన్సు) దాదాపు ఎవరూ ఇయ్యరు. ఐడీవీ, అంటే ఇన్సూరెన్సోళ్ళు బండికి కట్టే విలువ, తక్కువ పెడతారు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద రాసేస్తారు. ముందర ఒక చిన్న గుద్దుడుకు రెండు హెడ్‌లైట్లు, రేడియేటరు, ఎయిర్‌బ్యాగులు పోతే బండి కథ అక్కడికే అయిపోతుంది, మనకు కళ్ళ ముందర బాగానే కనపడుతుంటుంది.

పెన్నేటి గాలి, అనంతపురం
అందరికీ దండాలు. స్పానర్ అన్న చెప్పినట్టే ఫోన్ చేసి, తెల్లవారకముందే బయల్దేరి పోయినా. బానెట్ చల్లగానే ఉంది, ఆయన మాట నిలబెట్టుకున్నాడు. టేపు పెట్టి కొలిస్తే ముందరపక్క కుడివైపు రెండు సెంటీమీటర్లు కిందికి ఉంది. సబ్బునీళ్ళు కొట్టినా, బ్యాగు దగ్గర ఏమీ రాలేదు, పైన పైపు బిగించేచోట బుడగలు వచ్చినయి. స్టార్ట్ చేస్తే చైను శబ్దం నాకయితే వినపడలేదు. కార్పెట్ కింద పొడిగా ఉంది. సీటు బెల్టులు శుభ్రం. గేరుబాక్సు నూనె మార్చినట్టు బిల్లు లేదు, "లైఫ్‌టైమ్ సార్ అది" అన్నాడు. కేబుల్ తమ్ముడు చెప్పినట్టు ఒకరిని పిలిపించి స్కాన్ చేయిస్తే కంప్రెసరు ఎక్కువసేపు తిరుగుతోందని ఒక పాత కోడ్, గ్లోప్లగ్ ఒకటి.

బాగా కిందికి దిగి 9.75 అంటాండాడు.

పదమూడో నంబరు స్పానర్, గుత్తి
పైపు జాయింటు అయితే చిన్న పనే, ఆ కొనను కోసి కొత్త ఫిట్టింగ్ వేస్తే అయిపోతుంది. కానీ కంప్రెసరు కోడ్ ఉందంటే అది ఇప్పటికే అలిసిపోయింది. దానికీ, గేరుబాక్సు నూనెకూ, కూలంట్ ట్యాంకూ పైపులకూ కలిపి మొదటి ఏడాదే లక్షన్నర, రెండు లక్షలు పక్కన పెట్టుకో. ఎనిమిదికి మించి నేనయితే కొనను.

గువ్వలచెరువు పాలకోవా, కడప
ఎనిమిదికి మంచి పజేరో నేను చూపిస్తా.

పెన్నేటి గాలి, అనంతపురం
ఎనిమిది అని చెప్పినా. నవ్వి, ఆలోచించి చెప్తా అన్నాడు. నాయనను కూడా తీసుకుపోయి కూర్చోబెట్టినా ఆరోజు. ఎక్కేటప్పుడు బండి కిందికి దిగింది కదా, దానికి ఆయన పడిపోయినాడు. "ఇంత మర్యాద తెలిసిన బండిని చూడలేదురా" అన్నాడు. ఇప్పుడు ఇంట్లో నా పక్క ఇద్దరయినాం. పాలకోవా అన్నా, ఆ పజేరో ఫోటోలు కూడా పంపు, ఎత్తు ఎంతో రాయి, నాయన ఎక్కగలడో లేదో చూడాల.

బురుజు సందు, కర్నూలు
స్పానర్ తమ్ముడూ, వానలు వస్తాండాయి. మేడమ్ చెప్పిన సన్‌రూఫ్ రంధ్రాలు నేనే శుభ్రం చేసుకోవచ్చా? మా ఊర్లో ఒకడు కంప్రెసర్ గాలి కొడితే పోతుంది అంటాండాడు.

పదమూడో నంబరు స్పానర్, గుత్తి
పంచరు అంగడి గాలి కొట్టొద్దన్నా. ఆ ప్రెషరుకు పైపు లోపల జాయింటు దగ్గర ఊడిపోతుంది, అప్పుడు నీళ్ళు నేరుగా స్తంభంలోకే దిగుతాయి, మళ్ళీ లైనింగ్ మొత్తం విప్పాల. గడ్డి కోసే మిషనుకు వేసే నైలాన్ తీగ ఒక గజం కొనుక్కో. కొస పదునుగా ఉంటే లైటరుతో కాస్త కాల్చి గుండ్రంగా చేసి, మెల్లగా తోసి, తిప్పి తీయ్. తర్వాత గ్లాసుతో కొంచెం కొంచెం నీళ్ళు పోసి, కింద చక్రం వెనక పక్క కారుతుందో లేదో చూడు. నాలుగు మూలలూ చూడాల, వెనక రెండూ మరిచిపోతారు అందరూ.